భాగం 9: దారి మర్యాద - మోటారుసైకిల్ బృందాల్లో ప్రమాణాలు, ఘర్షణలు

9.0 పరిచయం

సామాజిక ప్రమాణాలంటే ఏమిటో, వాటిని పాటించినవారికి మెప్పు, తప్పినవారికి ఆంక్ష ఎలా ఎదురవుతాయో గత భాగంలో చదివారు. అక్కడి ఉదాహరణలు ఎక్కువగా కుటుంబం, కులం, గ్రామం నుంచి తీసుకొన్నవి. అవి మనం పుట్టుకతో చేరే సమూహాలు. ఈ భాగంలో మనిషి కేవలం ఒక ఇష్టం కొద్దీ, తనంతట తానుగా చేరే సమూహాన్ని పరిశీలిద్దాం. అది మోటారుసైకిల్ మీద దూరప్రయాణాలు చేసేవారి బృందం.

మోటారుసైకిల్ మన ఇళ్లలో కొత్త వస్తువు కాదు. పాలు పోసేవారికి, ఎరువు బస్తా మోసుకొచ్చే రైతుకు, ఆఫీసుకు వెళ్లే గుమాస్తాకు అది పనిముట్టు. ఇక్కడ మనం మాట్లాడుకొనేది ఆ వాహనాన్నే తమ గుర్తింపుగా చేసుకొన్నవారి గురించి. ఇలాంటి బృందంలో చేరమని ఎవరూ బలవంతపెట్టరు; వద్దనుకొంటే ఏ రోజైనా మానుకోవచ్చు. అయినా అక్కడ కట్టుబాట్లు గట్టిగానే ఉంటాయి, వాటిమీద తగవులూ వస్తాయి. బయటివారికి ఆ తగవులు చిల్లరగా కనిపిస్తాయి. ఎవరు ముందు నడపాలి, ఎవరు ఎవరికి చేయి ఊపాలి, వీపు మీద ఏ గుడ్డముక్క కుట్టుకోవాలి అన్న విషయాల మీద మనుషులు ఎందుకు పోట్లాడుకొంటారో తెలిస్తే ప్రమాణం అనే భావన మీకు మరింత స్పష్టమవుతుంది.

9.1 పలకరింపు: ఒక లోకరీతి

అమెరికాలో ఎదురెదురుగా వచ్చే ఇద్దరు మోటారుసైకిల్ చోదకులు ముక్కూమొహం తెలియకపోయినా ఎడమచేతిని కొంచెం కిందికి చాచి పలకరించుకొంటారు. ఈ అలవాటును 1904లో హార్లే, డేవిడ్‌సన్ అనే కంపెనీ స్థాపకులే మొదలుపెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి ఆధారమేమీ లేదు. అయితే ఒక సమూహం తన అలవాటుకు ఇలా పూర్వపురుషుణ్ణి వెతుక్కోవడం గమనించదగ్గ విషయం. ఊరి దేవతకు స్థలపురాణం కట్టడం వంటిదే ఇదీ.

ఎడమచేయే ఎందుకు? వేగాన్ని పెంచి తగ్గించే పిడి కుడిచేతిలో ఉంటుంది. ఆ చేతిని వదలకూడదు. అమెరికాలో వాహనాలు కుడివైపున నడుస్తాయి కాబట్టి ఎదుటివాడు ఎడమపక్కన కనిపిస్తాడు, ఎడమచేయి అతనికి చక్కగా కనపడుతుంది. బ్రిటన్‌లో, మనదేశంలో వాహనాలు ఎడమవైపున నడుస్తాయి. ఎదుటివాడు కుడిపక్కన ఉంటాడు, ఊపగలిగిన చేయేమో అవతలిపక్కన ఉండిపోతుంది. అందుకే బ్రిటన్ చోదకులు ఎక్కువగా తల ఆడిస్తారు. ఫ్రాన్సులో దారి ఇచ్చిన వాహనానికి కృతజ్ఞతగా కుడికాలు పక్కకు చాస్తారు. మన సంప్రదాయంలో కాలు చూపడం ఎంత తప్పో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ మాత్రం అది మర్యాద. భావం ఒకటే అయినా యంత్రం నిర్మాణం, రోడ్డు నియమం కలిసి దాని రూపాన్ని నిర్ణయించాయి.

అమెరికన్ సామాజికశాస్త్రవేత్త విలియం గ్రాహం సమ్నర్ 1906లో వెలువరించిన గ్రంథంలో లోకరీతులకు, లోకనీతులకు తేడా చూపాడు. లోకరీతిని తప్పితే చిన్నచూపు ఎదురవుతుంది, అంతే. లోకనీతిని తప్పితే సమూహం కోపగిస్తుంది, వెలివేస్తుంది. పలకరింపు లోకరీతి. చేయి ఊపనివాణ్ణి ఎవరూ శిక్షించరు; 'పొగరు' అని అనుకొని ఊరుకొంటారు. దారిలో బండి ఆగిపోయి నిలబడ్డ తోటివాణ్ణి చూసి కూడా ఆగకుండా వెళ్లిపోవడం అలాంటిది కాదు. అది లోకనీతికి సంబంధించినది. ఆ సంగతి బృందంలో తెలిస్తే చాలాకాలం చెప్పుకొంటారు.

పలకరింపులో సరిహద్దు కూడా ఉంటుంది. పెద్ద బండ్లవారు స్కూటరువారికి చేయి ఊపాలా వద్దా అన్నది పాశ్చాత్య దేశాల్లో ఎప్పటికీ తెగని వాదం. ఇద్దరూ రెండు చక్రాల మీదే పోతున్నారు, ఇద్దరికీ ప్రమాదం ఒకటే. అయినా 'మనవాడు' ఎవరు అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. అంతర్ సమూహం, బహిర్ సమూహం అనే విభజనను ఇచ్చినవాడు కూడా సమ్నరే.

9.2 గుంపుగా నడపడం: ప్రాణాలతో ముడిపడిన ప్రమాణాలు

కొన్ని ప్రమాణాలకు కారణం చెప్పడం కష్టం. బృంద ప్రయాణపు నియమాలకు మాత్రం కారణాలు రోడ్డు మీదే కనిపిస్తాయి.

మీరు వెళ్లే వరుసను పొడవునా మూడు పట్టీలుగా ఊహించుకోండి. మనదేశంలో అందరికంటె ముందు నడిచే నాయకుడు సాధారణంగా కుడి పట్టీలో ఉంటాడు. ఎదుటి దారి అతనికి బాగా కనపడాలి. రెండోవాడు కనీసం ఒక సెకను వెనక ఎడమ పట్టీలో, మూడోవాడు మళ్లీ కుడి పట్టీలో నాయకుడికి రెండు సెకన్ల వెనక నడుపుతారు. గంటకు 60 కి.మీ. వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగుతుంది. కాబట్టి ఒకే పట్టీలో ఉన్న రెండు బండ్ల మధ్య 33 మీటర్ల ఖాళీ ఉంటుంది. ముందువాడు హఠాత్తుగా ఆగినా వెనకవాడికి ఆగే చోటు, పక్కకు తప్పుకొనే చోటు రెండూ మిగులుతాయి. మలుపుల్లో, ఘాట్ రోడ్డులో ఈ జడకట్టు వదిలేసి ఒకరి వెనక ఒకరుగా నడపాలి. ఇద్దరు పక్కపక్కన కబుర్లాడుకొంటూ పోవడం బృందాల్లో పెద్ద తప్పు కింద లెక్క.

వరుస చివర అనుభవజ్ఞుడు ఒకడు ఉంటాడు. అతనికంటె వెనక ఎవరూ మిగలకూడదు. గుంతను కాలితో చూపడం, పెట్రోలు కావాలంటే ట్యాంకు మీద తట్టడం వంటి సైగలు ముందునుంచి వెనక్కి ఒకరినుంచి ఒకరికి అందాలి. నడుమ ఒక్కడు సైగను అందించకపోతే అతని వెనక ఉన్నవారంతా గుంతలో పడతారు. ప్రతి సభ్యుడి ప్రవర్తనా మిగతావారి ప్రాణాలతో ఇంత నేరుగా ముడిపడిన సమూహాలు తక్కువే.

అసలు తగవు వచ్చేది వేగం దగ్గర. పదిమంది వెళ్తున్నారు. ముందు ఒక లారీ అడ్డుగా ఉంది. నాయకుడు సందు చూసి దాటి గంటకు 70 కి.మీ. వేగంతో సాగిపోతాడు. పదోవాడికి ఆ సందు దొరకదు. ఒక నిమిషం ఆగాల్సివస్తుంది. ఆ నిమిషంలో నాయకుడు కిలోమీటరుకు పైగా ముందుకు వెళ్లిపోయాడు. అతణ్ణి అందుకోవాలంటే పదోవాడు గంటకు 90 కి.మీ. వేగంతో సుమారు మూడున్నర నిమిషాలు నడపాలి. అంటే నాయకుడు ఎంత నిదానంగా నడిపినా, వెనకవాడు అతనికంటె వేగంగా నడపక తప్పని పరిస్థితి తరచుగా వస్తుంది. ఆ చివరిచోట్లలో ఉండేది ఎవరు? చాలాసార్లు కొత్తవాడు. మొహమాటం కొద్దీ, 'నావల్ల అందరూ ఆగుతున్నారు' అనే సిగ్గు కొద్దీ తన శక్తికి మించి నడుపుతాడు.

అందుకే అనుభవమున్న బృందాలు కొత్తవాణ్ణి నాయకుడి వెనకనే రెండో స్థానంలో పెడతాయి. అతని వేగమే అందరి వేగమవుతుంది. ఐదు నుంచి ఏడు బండ్లకు మించితే గుంపును రెండుగా విడగొడతాయి. 'ఎవరి బండి వారు నడపండి, వెనకబడితే మేం ఆగుతాం' అన్న మాట బయలుదేరే ముందే అందరి ఎదుట చెప్పిస్తాయి. ఆ మాట గట్టిగా, పేరుపెట్టి చెప్పడంలో ఉపయోగముంది. వెనకబడటం పరువు తక్కువ కాదన్న హామీ ఇవ్వగలిగేది సమూహమే; ఒంటరిగా ఎవరూ తమకు తాము ఆ హామీ ఇచ్చుకోలేరు.

నాయకుణ్ణి దాటి దూకుడుగా పోయినవాడి సంగతేమిటి? చాలా బృందాల్లో జరిమానా ఉండదు, సభ్యత్వ పుస్తకమూ ఉండదు. టీ దగ్గర ఆగినప్పుడు పెద్దవాడొకడు పక్కకు పిలిచి, 'తమ్ముడూ, ఇట్లా అయితే కష్టం' అంటాడు. రెండోసారి కూడా అంతే అయితే తరవాతి ప్రయాణం కబురు అతనికి అందదు. మీరు గత భాగంలో చదివిన అనధికార ఆంక్షలు ఇవే. పలకకుండా ఊరుకోవడం ఎంత పదునైన శిక్షో అనుభవించినవారికే తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. పలకరింపును లోకరీతి అని, దారిలో ఆగిపోయినవారికి సాయపడటాన్ని లోకనీతి అని ఎందుకు అంటాం?
2. బృందంలో చివరివాడు నాయకుడికంటె వేగంగా నడపవలసి రావడానికి కారణం వివరించండి.

9.3 సలహా, విమర్శ, మౌనం

మనదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణాశాఖ నివేదిక చెబుతోంది. వారిలో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు 44.5 శాతం. కాబట్టి మోటారుసైకిల్ బృందాల్లో ఎవరేం మాట్లాడాలి అన్నది ఉత్త మర్యాద ప్రశ్న కాదు.

అమెరికాలో హ్యారీ హర్ట్ నాయకత్వంలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని 900 మోటారుసైకిల్ ప్రమాదాలను స్థలానికి వెళ్లి పరిశీలించి 1981లో ఒక నివేదిక ప్రచురించారు. ప్రమాదంలో చిక్కుకొన్న చోదకుల్లో 92 శాతం మంది ఎక్కడా శిక్షణ పొందలేదు. సొంతంగానో, ఇంట్లోవారి దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకొన్నవారే. మన ఊళ్లలో పరిస్థితి కళ్లముందున్నదే. నాన్న వెనక నుంచి పట్టుకొంటే ఖాళీ మైదానంలో నేర్చుకొంటాం. అంటే శిక్షణాలయం చేయవలసిన పని బృందం చేస్తోంది. అందువల్ల కొత్తవాడి ప్రశ్నను వెక్కిరించడం చిన్న తప్పు కాదు. 'ఈమాత్రం తెలీదా?' అని ఒకసారి అనిపించుకొన్నవాడు రెండోసారి అడగడు. తడిరోడ్డు మీద ముందు బ్రేకు ఎలా వేయాలో అతనికి ఎప్పటికీ తెలియకపోవచ్చు.

ఇంజనాయిల్ ఏది మంచిది, ఏ కంపెనీ బండి గొప్పది వంటి వాదాలు ప్రతి బృందంలో ఉంటాయి. అవి తెగవు, తెగనవసరమూ లేదు. సినిమా హీరోల అభిమానుల మధ్య నడిచే వాదాల్లాంటివే అవి.

ఇంతకంటె కఠినమైన ఘర్షణ ఒకటుంది. బృందంలో ఒకరు ప్రమాదంలో చనిపోతారు. రెండు ప్రమాణాలు అక్కడ ఎదురెదురుగా నిలుస్తాయి. చనిపోయినవాడి తప్పు ఎంచరాదన్నది మొదటిది. మన సమాజంలో దానికి లోతైన వేళ్లున్నాయి. ఏం జరిగిందో తెలుసుకొని మిగతావారు బతకాలన్నది రెండోది. 'హెల్మెట్ బకిల్ పెట్టుకోలేదట' అని ఒకరంటే, 'ఇంట్లో శవం ఉండగా ఈ మాటలేంటి' అని మరొకరు మండిపడతారు. ఇద్దరిదీ తప్పు కాదు. వారు పాటిస్తున్న ప్రమాణాలు వేరు. కొన్ని బృందాలు దీనికి కాలం ద్వారా పరిష్కారం వెతుక్కొన్నాయి: కర్మకాండ ముగిసేదాకా సంతాపమే, ఆ తరవాత కూర్చొని కారణాలు మాట్లాడుకోవడం. సంతాపాన్ని, విచారణను రెండు వేర్వేరు కూర్చోవడాలుగా విడదీయడం మంచి పద్ధతి అని ఈ రచయిత అభిప్రాయం. రెండో కూర్చోవడాన్ని మరచిపోయే బృందాలే ఎక్కువన్నది కూడా నిజం.

9.4 వీపు మీది గుడ్డముక్క

ప్రమాణాలు ఎంత దూరం పోగలవో చూడటానికి అమెరికన్ క్లబ్బుల చరిత్రలోకి వెళ్లాలి. 1947 జూలై 4 సెలవుల్లో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ అనే చిన్న పట్నంలో మోటారుసైకిల్ పందేలు జరిగాయి. ఊరి జనాభాకు దాదాపు సమానంగా చోదకులు వచ్చిపడ్డారు. తాగి గొడవచేసినవారిని అరెస్టు చేశారు. తరవాత లైఫ్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది: చుట్టూ ఖాళీ బీరు సీసాలు, బండి మీద తాగి తూలుతున్న మనిషి. ఆ ఫొటో కావాలని అమర్చి తీసిందన్న ఆరోపణ ఇప్పటికీ ఉంది. 1953లో మార్లన్ బ్రాండో నటించిన 'ద వైల్డ్ వన్' సినిమాకు ప్రేరణ ఈ ఘటనే. బ్రిటన్‌లో ఆ సినిమాకు 1967 దాకా ప్రదర్శన అనుమతి దొరకలేదు.

చోదకుల్లో నూటికి తొంభైతొమ్మిది మంది చట్టాన్ని గౌరవించేవారేనని అమెరికన్ మోటారుసైకిల్ సంఘం అప్పట్లో ప్రకటించిందని అంటారు. అలాంటి ప్రకటన తమ రికార్డుల్లో లేదని ఆ సంఘమే చెప్పింది. కాని మిగిలిన ఆ ఒక్క శాతం తామేనని కొన్ని క్లబ్బులు గర్వంగా 'ఒక శాతం' బిళ్లను చొక్కాకు కుట్టుకొన్నాయి. సమాజం వేసిన ముద్రను ఆభరణంగా మార్చుకోవడమిది. హోవర్డ్ బెకర్ 1963లో విచలనం గురించి చెప్పిన ముద్రణ సిద్ధాంతాన్ని ఇక్కడ గుర్తుచేసుకోండి.

ఈ క్లబ్బుల్లో చొక్కా వీపున మూడు ముక్కలు ఉంటాయి. పైన క్లబ్బు పేరు, మధ్యలో గుర్తు, కింద ప్రాంతం పేరు. కొత్తవాడు నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి చాకిరీ చేస్తేగాని ఆ ముక్కలు దక్కవు. కింది ముక్క మీద ఒక రాష్ట్రం పేరు రాసుకోవడమంటే ఆ ప్రాంతం మాదని ప్రకటించుకోవడం. టెక్సాస్ పేరు తమకే చెందుతుందని బాండిడోస్ క్లబ్బు భావించేది. కోసాక్స్ అనే మరో క్లబ్బువారు అదే పేరు కుట్టుకోవడం మొదలుపెట్టారు. 2015 మే 17న వేకో నగరంలోని ఒక రెస్టారెంటు దగ్గర రెండు వర్గాలూ తలపడ్డాయి. అప్పటికే అక్కడ మాటువేసి ఉన్న పోలీసులు కూడా కాల్పులు జరిపారు. తొమ్మిది మంది చనిపోయారు. 177 మందిని అరెస్టు చేశారు. చివరికి ఏ ఒక్కరికీ శిక్ష పడలేదు. 2019లో మిగిలిన కేసులన్నీ ఎత్తివేశారు.

గుడ్డముక్క కోసం తొమ్మిది ప్రాణాలా అని ఆశ్చర్యపోవడం సహజం. సరిహద్దు రాయి కోసం, ఊరేగింపు ఏ వీధి గుండా పోవాలన్నదాని కోసం మన పల్లెల్లో తలలు పగిలిన సందర్భాలు తలచుకొంటే అంత ఆశ్చర్యం అనిపించదు. వస్తువు విలువ దాని ధరలో ఉండదు. దాన్ని పోగొట్టుకొంటే పోయే గౌరవంలో ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఇలాంటి క్లబ్బులు మొత్తం మోటారుసైకిల్ చోదకుల్లో చాలా కొద్ది భాగం. బ్రిటన్‌లో 1964లో సముద్రతీర పట్టణాల్లో మోటారుసైకిళ్ల 'రాకర్లు', స్కూటర్ల 'మాడ్లు' కొట్టుకొన్నప్పుడు పత్రికలు జరిగినదానికంటె ఎన్నో రెట్లు పెంచి రాశాయి. స్టాన్లీ కోహెన్ దాన్ని అధ్యయనం చేసి 1972లో 'నైతిక భయాందోళన' అనే భావనను వివరించాడు. కొద్దిమంది అల్లరిని చూపి ఒక వర్గాన్నంతటినీ భూతంగా నిలబెట్టడమే దాని సారాంశం.

9.5 లోపలికి వెళ్లి చూసినవారు

పాల్ విల్లిస్ బర్మింగ్‌హామ్ నగరపు 'బైక్ కుర్రాళ్ల'తో కలిసి తిరిగి 1978లో ఒక గ్రంథం ప్రచురించాడు. వారి సంగీతం, తోలు జాకెట్లు, బండి మోత ఒకే ఇష్టానికి వేర్వేరు రూపాలని అతను చూపాడు. మోత అక్కడ లోపం కాదు, అదే సంతకం. కెనడా మానవశాస్త్రవేత్త డేనియల్ వోల్ఫ్ ఎడ్మంటన్‌లోని రెబెల్స్ క్లబ్బుతో మూడేళ్లు గడిపి 1991లో తన అధ్యయనం వెలువరించాడు. సహభాగి పరిశీలనకు ఇది మంచి ఉదాహరణ. బయటికి అరాచకంగా కనిపించే క్లబ్బులో వారంవారం సమావేశాలు, ఓటింగు, చందాలు, జరిమానాలు ఎంత పద్ధతిగా సాగుతాయో ఆ పుస్తకం చెబుతుంది. రచయిత హంటర్ థాంప్సన్ కూడా హెల్స్ ఏంజెల్స్‌తో ఏడాదికి పైగా తిరిగాడు. చివరికి వారి చేతిలోనే దెబ్బలు తిన్నాడు. పరిశోధకుడు ఎంత కలిసిపోయినా అతిథేనన్న సంగతి ఆ దెబ్బలు గుర్తుచేస్తాయి.

ఈ సమూహాల్లో ఆడవారి స్థానం చాలాకాలం వెనక సీటే. అమెరికాలో 1940లోనే 'మోటార్ మెయిడ్స్' అనే మహిళల సంఘం ఏర్పడినా, పైన చెప్పిన క్లబ్బులు మాత్రం స్త్రీలకు సభ్యత్వం ఇవ్వలేదు. మనదేశంలో 2011లో పుణేలో 'బైకర్నీ' పుట్టింది. 2018లో జయభారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాదు నుంచి బయలుదేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలు మోటారుసైకిళ్ల మీద చుట్టివచ్చారు. ఇప్పటికీ మగవారు ఎక్కువగా ఉన్న బృందంలో ఒక స్త్రీ బండి ఆపగానే నలుగురు పరుగెత్తుకొచ్చి 'స్టాండు మేం వేస్తాం' అంటారు. సాయమే, కాదనలేం. మగవాడు ఆపినప్పుడు మాత్రం ఎవరూ రారు.

9.6 దారి ఎవరిది?

ఇంతవరకు చూసిన ఘర్షణలు చోదకుల మధ్యవి. దారి పక్కన నివసించేవారితో వచ్చేవి వేరు. సైలెన్సరు మార్చుకొన్నవాడికి ఆ మోత సంగీతం. రాత్రి పదకొండుకు నిద్రపోతున్న పసిపిల్ల తల్లికి కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. విశాఖపట్నంలో పోలీసులు పట్టుకొన్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించారు. అది అధికార ఆంక్ష. అయితే బృందమే ముందుగా 'ఆ మోత బండితో మాతో రావద్దు' అని చెప్పినచోట రోలరుతో పని ఉండదు.

లద్దాఖ్ సంగతి మరింత చిక్కుది. దేశం నలుమూలల నుంచి, తెలుగు రాష్ట్రాల నుంచి కూడా, చోదకులు ఏటా వేసవిలో మనాలీ మీదుగానో శ్రీనగర్ మీదుగానో లేహ్ చేరతారు. సొంత బండి మీద వచ్చినవారికి ఇబ్బంది లేదు. మనాలీలోనో మరోచోటో అద్దెకు తీసుకొన్న బండి అయితే లేహ్ నుంచి నుబ్రా లోయకో పాంగాంగ్ సరస్సుకో వెళ్లడానికి స్థానిక అద్దెబండ్ల యజమానులు ఒప్పుకోరు. దారిలో ఆపి బండి కాగితాలు అడుగుతారు. ఆ బండిని లేహ్‌లో వదిలి, అక్కడి బండి మళ్లీ అద్దెకు తీసుకోవాలి. డబ్బు రెండుసార్లు ఖర్చయిన పర్యాటకుడు 'దేశమంతా ఒక్కటే కదా, ఈ అడ్డేమిటి' అని కోపగిస్తాడు. ఏడాదిలో కొద్ది నెలలే పర్యాటకుల రద్దీ ఉండే చోట, ఆ కొద్ది నెలల సంపాదనతో మిగతా చలికాలమంతా గడపవలసినవాడు ఆ బండిని మరో విధంగా చూస్తాడు. ఈ నియమాన్ని పార్లమెంటు చేయలేదు. అక్కడివారు తమలో తాము కట్టుకొన్న కట్టుబాటు అది. ఎదురు తిరిగిన చోదకులతో మాటామాటా పెరిగిన సందర్భాలున్నాయి. కాని ఎక్కువమంది బయలుదేరే ముందే ఆ సంగతి కనుక్కొని, లేహ్‌లో రెండో అద్దెకు కూడా లెక్క వేసుకొనే వెళ్తున్నారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
3. బృందంలో మరణం సంభవించినప్పుడు ఏ రెండు ప్రమాణాలు ఘర్షణపడతాయి? మీరు చేరిన ఏదైనా సమూహంలో ఇలాంటి సందర్భం వస్తే ఏం చేస్తారు?
4. లేహ్‌లోని అద్దెబండ్ల కట్టుబాటును పర్యాటకుడి వైపు నుంచి ఒకసారి, స్థానిక యజమాని వైపు నుంచి ఒకసారి పది వాక్యాల్లో రాయండి.